పోతా పోతా చదివేట్టు పోస్టర్ చెయ్యడం ఎలా

ఒంగోల్లో అద్దంకి బస్టాండు సెంటర్లో కానీ నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర కానీ ఒక్క నిమిషం నిలబడి గోడల వంక చూడండి. ట్యూషన్లు, పళ్ళ డాక్టర్ క్యాంపులు, తిరునాళ్ళు, పుట్టినరోజు శుభాకాంక్షలు, అన్నీ ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. అందరూ ఖర్చు బాగానే పెట్టారు, రంగులూ బాగానే వేశారు, కానీ బండి మీద పోతా పోతా ఏం జరుగుతుందో ఎప్పుడో చదవగలిగినవి ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి, చాలా తక్కువ. మన కన్ను దేన్ని ముందు పట్టుకుంటదో, దేన్ని వదిలేస్తదో దానికి కొన్ని పద్ధతులున్నాయి, అవి తెలిస్తే మామూలు ఫోన్లో చేసిన పోస్టర్ కూడా గోడ మీద నిలబడద్ది.

ఇక్కడ ఒక్క పోస్టర్ తీసుకుని మొదట్నించి చివరిదాకా చేద్దాం. తిరునాళ్ళలో పెట్టే ఎడ్ల బండలాగుడు పోటీల వాల్ పోస్టర్, డబుల్ క్రౌన్ సైజు, అంటే 20 బై 30 అంగుళాలు, నిలువుగా. ఇది ఎందుకంటే కష్టాలన్నీ ఇందులోనే ఉన్నాయి, పేరు పొడుగు, విభాగాలు ఎక్కువ, ప్రైజులు ఎక్కువ, దాతల ఫోటోలు ఉంటాయి, పైగా తెల్లటి గిత్త. మీది రక్తదానం క్యాంపు అయినా కోచింగ్ సెంటర్ అయినా వరస ఇదే. చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుద్ది, పోస్టర్లో ముందు ఒక్కటే కనపడాలి, దాన్ని కనపడేట్టు చేసేది ఎన్ని రంగులు వేశాం అనేదానికంటే వెలుగుకీ చీకటికీ మధ్య ఎంత తేడా పెట్టాం అనేది.

మొదటి పని: ఎంత దూరం నించి చూస్తారో తేల్చుకోండి

కంప్యూటర్ తెరవకముందే ఇది తేలాలి. రోడ్డుకి అటు పక్క షాపు ముందు నిలబడ్డ మనిషి చదవాలా, బస్సు కిటికీలోంచి చదవాలా, టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాయన చదవాలా? బోర్డులు రాసేవాళ్ళ దగ్గర ఒక పాత లెక్క ఉంది, 10 అడుగుల దూరానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉండాలని. 30 అడుగుల నించి హాయిగా చదవాలంటే 3 అంగుళాలు. అయితే ఆ లెక్క ఇంగ్లీషు పెద్దక్షరాలకి పుట్టింది, మన అక్షరాల్లో గుండ్రాలు, లోపల చిన్న చిన్న గీతలు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి తెలుగుకి ఆ లెక్క మీద ఇంకాస్త కలుపుకుంటేనే మంచిది, ఎత్తు కొలిచేటప్పుడు కూడా వత్తుని కలపకుండా అక్షరం ఒళ్ళు వరకే కొలవండి.

ఇప్పుడు మన కాగితం వెడల్పు 20 అంగుళాలు, రెండు పక్కలా ఒక్కో అంగుళం వదిలితే 18 మిగిలింది. తెలుగు అక్షరం దాదాపు ఎత్తెంతో వెడల్పూ అంతే ఉంటది కాబట్టి మూడంగుళాల అక్షరాలు ఒక లైన్లో ఆరు పడతాయి, అంతే. 'బండలాగుడు' ఒక లైన్, 'పోటీలు' ఇంకో లైన్. 'రాష్ట్రస్థాయి ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు బల ప్రదర్శన పోటీలు' అని మొత్తం ఒకే సైజులో పెట్టాలనుకుంటే అక్షరం అంగుళానికి పడిపోద్ది, రోడ్డు దాటి వస్తే కానీ చదవలేరు. కాబట్టి 'బండలాగుడు పోటీలు' మాత్రం పెద్దగా, మిగతా మాటలు దాని పైన చిన్న లైన్లో. ఈ నిర్ణయం ఇక్కడే తీసేసుకోండి, తర్వాత కమిటీ వాళ్ళు అడిగితే లెక్క చూపించొచ్చు.

ఇంకో సంగతి, మన కంటికి బాగా స్పష్టంగా కనపడేది నడిమధ్య చిన్న ముక్క మాత్రమే, దాదాపు రెండు డిగ్రీలు. చెయ్యి బారుగా చాచి బొటనవేలు చూస్తే ఆ వేలు వెడల్పెంతో అంత. 30 అడుగుల దూరంలో అది ఇంచుమించు ఒక అడుగు. అంటే ఒక్క చూపులో మీ పోస్టర్లో ఒక అడుగు మేరే తేటగా కనపడద్ది, మిగతాది మసకే, కన్ను గెంతుకుంటా పోయి ఒక్కో చోట ఆగి చదువుకుంటది. పోయేవాడికి అట్లాంటి గెంతులు రెండో మూడో కుదురుతాయి, పది కుదరవు.

మేటర్ రాయండి, తర్వాత కొట్టేయండి

ఒక తెల్ల కాగితం మీద చెప్పాల్సినవన్నీ రాసి పక్కన 1, 2, 3 అని నంబర్లు వెయ్యండి. మన పోస్టర్‌కి ఒకటో నంబరు ఏం జరుగుతుంది, రెండు ఎప్పుడు, మూడు ఎక్కడ, నాలుగు విభాగాలూ ప్రైజులూ, ఐదు ఫోన్ నంబరు, ఆరు దాతలు, కమిటీ. ఒకే నంబరు రెండింటికి ఇవ్వొద్దు. ఇక్కడ మొహమాటపడితే కథ అక్కడితో అయిపోయింది, ఎందుకంటే రెండు సమానంగా పెద్దవైతే కన్ను దేని మీదా నిలవదు.

తర్వాత కొట్టేయండి. 'యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా' అనేది పోవాలి, మైకులో అయితే బాగుంటది కానీ గోడ మీద చోటు తింటది. 'కావున తప్పక విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా కోరుచున్నాము' కూడా పోవాలి. తేదీ పక్కన వారం ఉంచండి, 'శనివారం' అనేది '15' కంటే మనసులో ఎక్కువ నిలబడద్ది. టైము 'ఉదయం 8 గంటలకు'. స్థలం ఊరి పేరుతో ఆపకుండా 'హైస్కూలు వెనక పొలం' అని గుర్తు చెప్పండి. ఫోన్ నంబరు పది అంకెలూ ఒక్క గొలుసుగా కాకుండా ఐదు, ఐదు అని మధ్యలో ఖాళీ ఇచ్చి రాయండి, అట్లా ముక్కలు చేస్తే తలలో పెట్టుకోవడం తేలిక.

రంగు ముట్టుకోకుండా నలుపు తెలుపులో గీయండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు, నాకైతే అన్నిటికంటే ముఖ్యమైంది. అగ్గిపెట్టె సైజు నిలువు డబ్బాలు ఓ ఆరు గీసి వాటిల్లో పెన్సిల్‌తో ముదురు, మధ్యస్తం, తెలుపు, ఈ మూడే వాడి పోస్టర్ గీయండి. అక్షరాలు అక్కర్లేదు, అడ్డంగా గీతలు చాలు. గిత్త ఎక్కడ, పేరు ఎక్కడ, తేదీ ఎక్కడ అనేది మచ్చల్లాగా పెట్టండి. తర్వాత కళ్ళు సగం మూసి చూడండి. అగ్గిపెట్టె సైజులో ఒక మచ్చ ఎగిరి కనపడితే గోడ మీద కూడా అదే ఎగిరి కనపడద్ది, అన్నీ బూడిద రంగులో కలిసిపోతే ఎన్ని రంగులేసినా కలిసే ఉంటాయి.

ఇక్కడ మన గిత్త సంగతి చూద్దాం. ఒంగోలు గిత్త తెలుపు, మూపురం మీద, మెడ దగ్గర కాస్త బూడిద నీడ. దాన్ని లేత ఆకాశం ఉన్న ఫోటోలో అట్లానే పెడితేనో, లేత పసుపు గ్రేడియంట్ (మెల్లగా రంగు మారే అడుగు) మీద పెడితేనో గిత్త అంచులు బ్యాక్‌గ్రౌండ్‌లో కరిగిపోతాయి, మూపురం ఎక్కడ అయిపోయిందో తెలియదు. అప్పుడు డిజైనర్ చుట్టూ తెల్ల గ్లో, అంటే వెలుగు వలయం, పెడతాడు, అది ఇంకా పాడు చేసిద్ది. అదే గిత్తని ముదురు మెరూన్ మీదో, బాగా ముదురు ఆకుపచ్చ మీదో పెట్టండి, మూపురం, గంగడోలు, కొమ్ము వంపు అన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి, గ్లో అవసరమే ఉండదు. డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో దీని గురించే రాశాడు, మధ్యలో పూలకూజా, అటూ ఇటూ రెండు మొహాలు కనపడే బొమ్మ మీరు చూసే ఉంటారు, అది ఆయన పేరుతోనే పిలుస్తారు. కన్ను ఏ బొమ్మనైనా ముందు 'వస్తువు' 'వెనకది' అని రెండుగా విడగొట్టుకుంటది. మీరు ఆ విడగొట్టే పని తేలిక చేస్తే చూసేవాడు చదివే పనికి త్వరగా వస్తాడు.

గిత్త మొహం ఎటు ఉందో కూడా చూడండి. మనిషిదైనా పశువుదైనా మొహం ఎటు తిరిగి ఉంటే చూపు అటు పోద్ది. గిత్త కాగితం బయటికి చూస్తుంటే చూసేవాడి కన్ను కూడా పక్క పోస్టర్ మీదకి పోద్ది. పేరు వైపు, తేదీ వైపు చూసేట్టు పెట్టండి. అయితే ఫోటోని అద్దంలోలాగా తిప్పేముందు మెడలో పట్టెడ మీద పేరు ఏమన్నా రాసుందేమో చూసుకోండి, అక్షరాలు తిరగబడతాయి, పైగా ఎద్దుల రైతులు తమ గిత్త ఎడమ పక్కదో కుడి పక్కదో ఇట్టే పట్టేస్తారు.

రంగులు: మూడు చాలు

ఒకటి బ్యాక్‌గ్రౌండ్‌కి, ఒకటి అక్షరాలకి, ఒకటి ఎక్కడో ఒక్క చోట గట్టిగా కొట్టడానికి. మన పోస్టర్‌కి ముదురు మెరూన్ అడుగున, పేరు పసుపులో, గిత్త ఎట్లాగూ తెలుపు, అంతే మూడు అయిపోయాయి, నలుపుని లెక్కలో వేయట్లేదు. తేదీకి పసుపు డబ్బా వేసి అందులో నలుపు అక్షరాలు పెడితే అది ఒక్కటే కాగితంలో తిరగబడినట్టు ఉంటది కాబట్టి పేరు తర్వాత కన్ను నేరుగా అక్కడికే పోద్ది. అన్నిటికీ డబ్బాలు వేస్తే ఈ బలం పోయింది.

ఎరుపు మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద ఎరుపు వద్దే వద్దు. రెండూ వేరే వేరే రంగులే కదా అంటారు, కానీ వెలుగు లెక్కలో దాదాపు ఒకటే. వెబ్‌సైట్ల వాళ్ళు వాడే కాంట్రాస్ట్ లెక్కలో చూస్తే నిండు ఎరుపుకీ మామూలు ముదురు ఆకుపచ్చకీ తేడా 1.3కి దగ్గర, 1 అంటే తేడానే లేనట్టు. మామూలు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలని, పెద్ద అక్షరాలకి 3 ఉండాలని వాళ్ళ రూలు. నలుపు మీద పసుపు 19 దాటుద్ది. తెలుపు మీద పసుపు 1.1 కూడా రాదు. తెలుపు మీద ఎరుపు 4, పసుపు మీద ఎరుపు 3.7, పేరుకి పర్లేదు కానీ ప్రైజుల లిస్టుకి చాలదు. ఈ లెక్క చేసిపెట్టే ఫ్రీ సైట్లు చాలా ఉన్నాయి, కాంట్రాస్ట్ చెకర్ అని వెతికి మీ రెండు రంగుల నంబర్లు వేస్తే చాలు. ఇవి స్క్రీన్ లెక్కలే అయినా ప్రెస్సుకి పంపేముందు అంచనాకి బాగా పనికొస్తాయి. దీనికి తోడు ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్ళున్న మగవాళ్ళు మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు, బండలాగుడు చూసే జనంలో ఎక్కువ మగవాళ్ళే మరి.

రంగు పక్కన రంగు పెడితే రెండూ మారతాయి, ఇది కూడా తెలుసుకోండి. ఫ్రాన్సులో గోబెలిన్స్ అని రాజుగారి నేత కార్ఖానా ఉండేది, అక్కడ అద్దకం చూసే కెమిస్టు షెవ్రూల్ దగ్గరికి నల్లదారం సరిగ్గా నల్లగా లేదని కంప్లయింట్లు వచ్చాయి. దారం పరీక్ష చేస్తే రంగు బాగానే ఉంది, పక్కన నేసిన నీలం, ఊదా వల్ల నలుపు వెలిసినట్టు కనపడుతుంది. ఆయన 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. మనకి దీంతో పనేంటంటే, పసుపు బాగోలేదు అనిపిస్తే పసుపుని మార్చేముందు దాని వెనకున్న రంగుని ముదురు చేసి చూడండి, సగం సార్లు అక్కడే తేలిపోద్ది.

సాయంత్రం సంగతి ఇంకోటి. మసక చీకటి పడేటప్పుడు ఎరుపు రంగులు ముందు నల్లబడిపోతాయి, నీలం, ఆకుపచ్చలు కాసేపు వెలుగుతానే ఉంటాయి. 1819లో పర్కింజే అనే ఆయన పూలు చూస్తా ఇది గమనించాడు, దీనికి ఆయన పేరే పెట్టారు. ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్రటి తేదీ పెడితే పగలు బాగుంటది, పొద్దుగూకేసరికి మాయమైపోద్ది, పల్లెల్లో జనం సెంటర్లోకి వచ్చేదే ఆ టైముకి.

ఇక ఎండ. మన నెల్లూరు, ఒంగోలు ఎండకి గోడ మీద పాత పోస్టర్లు నీలంగా, వెలిసిపోయి ఉండటం చూసే ఉంటారు. ప్రింటింగు ఇంకుల్లో పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) ఎండకి ముందు పోతాయి, నీలం, నలుపు ఎక్కువ రోజులు నిలుస్తాయి. కాబట్టి నెల రోజులు గోడ మీద ఉండాల్సిన పోస్టర్లో ఫోన్ నంబరు, తేదీ లాంటివి నలుపుతో కానీ ముదురు నీలంతో కానీ పడేట్టు చూసుకోండి, పసుపు డబ్బాలో నలుపు అక్షరాలు అన్నది అందుకు కూడా, డబ్బా వెలిసినా అక్షరం ఉంటది.

మన దగ్గర రంగులకి ఇంకో అర్థం కూడా ఉంది, అందరికీ తెలిసిందే. కాగితం నిండా పసుపు పోస్తే ఒక పార్టీ, నీలం, తెలుపు, ఆకుపచ్చ మూడూ చారలుగా వేస్తే ఇంకో పార్టీ, దూరం నించి చూసేవాడు చదవకముందే అట్లా ముద్ర వేసుకుని పోతాడు. ఊరందరి పండగ అయితే ఆ కలయికలు రాకుండా చూసుకోండి. మెరూన్, పసుపు కలిస్తే మనకి పసుపు కుంకుమ గుర్తొస్తది, తిరునాళ్ళకి అది సరిగ్గా సరిపోద్ది.

అక్షరాలు

తెలుగు పోస్టర్లు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. ముందు ఫాంట్లు. రామభద్ర, ధూర్జటి, లక్కిరెడ్డి, రవిప్రకాశ్, ఎన్టీఆర్, మండలి, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతాయి. హెడ్డింగ్‌కి రామభద్ర లాంటి లావు ఫాంట్, కింద వివరాలకి మండలి లాంటి సాదా ఫాంట్, రెండు చాలు. అనెక్ తెలుగు అని ఇంకోటుంది, అందులో సన్నం నించి బాగా లావుదాకా, ఇరుకు నించి వెడల్పుదాకా అన్ని రకాలూ ఒకే కుటుంబంలో ఉంటాయి. చోటు చాలకపోతే మామూలు అక్షరాన్ని పక్కల నించి నొక్కేయకుండా దాంట్లో ఇరుకు రకం వాడండి. మౌసుతో నొక్కితే నిలువు గీతలు సన్నబడి అడ్డం గీతలు లావుగా మిగులుతాయి, అక్షరం దెబ్బ తగిలినట్టు అయిపోద్ది.

లావు ఫాంట్ అంటే ఎంత లావైనా పర్లేదనుకోవద్దు. ద, ధ, థ మూడూ పక్కపక్కన రాసి చూడండి, తేడా అంతా ఒక చిన్న గీత, ఒక చుక్క. చ, ఛ కూడా అంతే, బ, భ కూడా అంతే. బాగా లావు చేసి దాని చుట్టూ తెల్ల స్ట్రోకు (అంచు గీత), దాని చుట్టూ నల్ల స్ట్రోకు, వెనక నీడ వేస్తే అక్షరం లోపలి ఖాళీలు పూడిపోతాయి, దూరం నించి అన్నీ ఉండలుగా కనపడతాయి. కన్ను అక్షరాన్ని గుర్తుపట్టేది ఆ ఖాళీల వల్లే. స్ట్రోకు కావాల్సిందే అంటే అక్షరానికి బయటి వైపు మాత్రమే పడేట్టు పెట్టండి, లోపలికి తినకుండా.

ఇక వత్తులు. 'రాష్ట్రస్థాయి' అని టైపు చేసి దాని కిందే 'గిత్తల పోటీలు' అని పెట్టండి. మొదటి లైన్లో ష కింద ట వత్తు, దానికి ర వత్తు, ఆ మోపు అంతా కిందకి దిగుద్ది. రెండో లైన్లో గి మీద గుడి, టీ మీద గుడిదీర్ఘం పైకి లేస్తాయి. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి పెట్టినట్టు అక్షరం సైజుకి 1.2 రెట్లు పెడితే ఆ రెండూ ఢీకొంటాయి, ఏ వత్తు ఎవరిదో ఏ గుడి ఎవరిదో తెలియదు. 1.5 పెట్టి మొదలెట్టి కంటితో చూసుకుంటా తగ్గించుకోండి. అయితే అన్ని లైన్లకీ ఒకే లెక్క అక్కర్లేదు, 'బండలాగుడు' లాంటి మాటకి కింద వత్తే లేదు కాబట్టి దాని కింద లైన్ని దగ్గరికి జరపొచ్చు. నిజానికి హెడ్డింగ్ మాట ఎన్నుకునేటప్పుడే వత్తులు తక్కువున్న మాట దొరికితే అదే పెట్టండి, పెద్దగా వేసుకోవచ్చు.

అక్షరాల మధ్య దూరం పెంచే ట్రాకింగు ఉంటది కదా, తెలుగులో దాని జోలికి పోవద్దు, కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు ఒక పక్కకి, అక్షరం ఇంకో పక్కకి జరిగిపోద్ది. పేరాని రెండు అంచులకీ సమానంగా లాగడం కూడా వద్దు, మన మాటలు పొడుగు కాబట్టి మధ్యలో పెద్ద పెద్ద సందులు పడతాయి. ఎడమ అంచుకి పెట్టండి, హెడ్డింగ్ లాంటి రెండు మూడు లైన్లయితే మధ్యకి.

డీటీపీ సెంటర్లో చేయిస్తుంటే వాళ్ళ దగ్గర అను ఫాంట్లు ఉంటాయి, అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కాబట్టి ప్రెస్సుకి పంపేముందు అక్షరాల్ని కర్వ్స్, అంటే బొమ్మ గీతలుగా, చేయించండి, కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. యూనికోడ్‌లో ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లలో చేసేవాళ్ళకి వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోవాలి. కర్వ్స్ చేశాక తప్పులు దిద్దడం కుదరదు, అందుకని దిద్దుకోగలిగే ఫైలు ఒకటి వేరేగా దాచుకోండి.

అంకెలు మాత్రం 1, 2, 3 లోనే వెయ్యండి, తెలుగు అంకెలు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా పోతా పోతా చదివేవాళ్ళు తక్కువ.

దగ్గరున్నవి ఒక జట్టు

వర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లో రాసిన సంగతి ఇది, దగ్గర దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తది, ఒకేలా ఉన్నవాటిని కూడా ఒక గుంపుగా చూస్తది. మన పోస్టర్లో ఇది పనికొచ్చేది ప్రైజుల దగ్గర. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని ఎద్దుల పళ్ళని బట్టి విభాగాలు, ఒక్కో విభాగానికి మొదటి బహుమతి, రెండో బహుమతి, మూడో బహుమతి, ఇచ్చేవాళ్ళ పేరు. మామూలుగా విభాగాలన్నీ ఎడమ అంచున, ప్రైజులన్నీ కుడి అంచున, మధ్యలో చుక్కలు చుక్కలు పెడతారు, ఆ చుక్కల మీద కన్ను జారి కింద లైన్లోకి పోద్ది, నాలుగు పళ్ళ ప్రైజు ఆరు పళ్ళదనుకుంటారు. చుక్కలు తీసేసి ప్రైజుని విభాగం పక్కకే తీసుకురండి, ఒక విభాగానికీ ఇంకో విభాగానికీ మధ్య ఖాళీ మాత్రం లోపలి ఖాళీ కంటే రెట్టింపు పెట్టండి. గీతలు, డబ్బాలు ఏమీ లేకుండానే ఏది దేనిదో తెలిసిపోద్ది. మొదటి బహుమతి అంకె కాస్త పెద్దది చేస్తే రైతు కన్ను నేరుగా దాని మీదే పడద్ది, ఆయనకి కావాల్సింది అదే.

ఫోటోల సంగతి. మొహం కనపడితే కన్ను ఇంకేదీ చూడకముందు దాన్నే చూస్తది, ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు. అట్లాంటిది పోస్టర్ నిండా పదిహేను మొహాలు పెడితే గిత్తని ఎవరు చూస్తారు, తేదీ ఎవరు చూస్తారు? కానీ దాతలు డబ్బులిచ్చారు, వాళ్ళ ఫోటో వేయాల్సిందే, అది న్యాయమే. నేను చెప్పే పద్ధతి ఇది, అడుగున నాలుగంగుళాల పట్టీ ఒకటి తీసుకుని అందరి ఫోటోలూ ఒకే సైజులో, ఒకే రకం కత్తిరింపుతో, గడ్డం కింద నించి తల పైదాకా సమానంగా, వెనక రంగు అందరికీ ఒకటే పెట్టి వరసగా నిలబెట్టండి. ఒకేలా ఉంటే కన్ను వాటిని పదిహేను మొహాలుగా కాకుండా ఒక్క పట్టీగా చూస్తది, పైనున్న గిత్తకి పోటీ రాదు. "ఏందబ్బయా, నా ఫోటో ఇంత చిన్నది పెట్టావా" అని పెద్దాయన అడిగితే "అందరిదీ ఒకటే సైజు పెదనాయనా, ఒకరిది పెంచితే ఇంకొకరు బాధపడతారు" అని చెప్పండి, ఆ మాట ఎవరూ కాదనరు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల్ని చూసుకోండి, 1600 పిక్సెల్స్ వెడల్పున్న ఫోటో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్లో ఐదంగుళాలకి కాస్త పైన వరకే తేటగా వస్తది, పట్టీలో చిన్న ఫోటోకి చాలు కానీ గిత్తకి చాలదు. గిత్త ఫోటో కెమెరాలోంచి నేరుగా తెప్పించుకోండి, ఫోన్లో తీసినదైతే డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఖాళీ వదిలిన చోటు చూసి 'ఇక్కడ ఏదో ఒకటి పెట్టొచ్చు కదా' అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. గిత్త చుట్టూ, పేరు చుట్టూ ఉన్న ఆ ఖాళీ వల్లే అవి కనపడుతున్నాయి, దాన్ని నింపొద్దు. అంచుల చుట్టూ అంగుళం మేర సాదా రంగు ఉంచండి, గోడ మీద పక్క పోస్టర్లు ఆనుకుని ఉంటాయి, ఈ అంగుళమే మీదాన్ని వాటి నించి విడదీసిద్ది.

నెల్లూరు రొట్టెల పండగ లాంటి చోట అయితే బయట రాష్ట్రాల నించి కూడా జనం బారాషహీద్ దర్గాకి వస్తారు, తెలుగు రానివాళ్ళు ఉంటారు కాబట్టి అక్కడ పెట్టే పోస్టర్‌కి బాణం గుర్తు, నీళ్ళ బొమ్మ, అంకెలు, ఇవే మాటల పని చెయ్యాలి, అక్షరాలు తర్వాత.

ప్రెస్సుకి పంపేముందు

ఏ4 కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించండి. ఏ4 వెడల్పు మన పోస్టర్‌లో 40 శాతం కాబట్టి అసలు పోస్టర్‌ని 30 అడుగుల నించి చూడటం అంటే ఈ చిన్నదాన్ని 12 అడుగుల నించి చూడటం. నడుచుకుంటా దాని ముందు నించి వెళ్ళండి, ఆగొద్దు. పోస్టర్ అసలు చూడని మనిషిని పిలిచి మూడు క్షణాలు చూపించి కాగితం తిప్పేయండి, ఏం గుర్తుందో అడగండి. 'ఎద్దుల పోటీలు, శనివారం' అంటే అయిపోయింది. 'మెరూన్ రంగు బాగుంది' అంటే పేరు ఇంకా పెద్దది కావాలి. ఇంట్లో పెద్దవాళ్ళకి కళ్ళజోడు లేకుండా ఒకసారి చూపించండి, చుట్టూ అందరూ బాగుందన్నా వాళ్ళ మాటే వినండి.

ఫైలు సీఎంవైకేలో, అంటే ప్రెస్సు నాలుగు ఇంకుల పద్ధతిలో, పెట్టండి, స్క్రీన్ మీద మెరిసే నీలం, చిలకపచ్చ కాగితం మీద అట్లా రావు, ముందే చూసుకుంటే కంగారుండదు. అన్ని వైపులా కోత కోసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి. చిన్న నల్ల అక్షరాలు నలుపు ఇంకు ఒక్కదానితోనే పడాలి, నాలుగు ఇంకులూ కలిపి నలుపు చేస్తే కాస్త అటూ ఇటూ జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచులు వస్తాయి. ఇదే డిజైను ఫ్లెక్సీ చేయిస్తుంటే అసలు సైజులో 72 నించి 100 డీపీఐ చాలు, కానీ చెక్క ఫ్రేముకి మడిచి మేకులు కొడతారు కాబట్టి చుట్టూ మూడంగుళాలు ఏమీ లేకుండా వదలండి, లేకపోతే ఫోన్ నంబర్లో చివరి అంకె వెనక్కి పోద్ది.

వాట్సాప్ స్టేటస్‌కి అదే పోస్టర్ పెట్టకుండా 1080 బై 1920లో ఇంకోటి చెయ్యండి, అందులో గిత్త, పేరు, తేదీ, ఊరు, నంబరు మాత్రమే, ప్రైజుల లిస్టు రెండో ఇమేజ్‌లో.

అంటించేటప్పుడు ఒక్కొక్కటి ఒక్కో మూల పెట్టకుండా మంచి సెంటర్ ఒకటి చూసి నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో మూడో నాలుగో పక్కపక్కనే వరసగా అంటించమనండి. ఒకటే బొమ్మ మూడుసార్లు కనపడితే కన్ను దాన్ని ఒక పెద్ద పోస్టర్ కింద లెక్కేస్తది, మూడు మెరూన్ కాగితాలు కలిసి ఐదడుగుల వెడల్పు అయిద్ది. మైదా జిగురు వెనక మొత్తం పూయాలి, మూలలకే పూస్తే మధ్యలో గాలి దూరి రెండో రోజుకి ముడతలు పడి తేదీ చదవడానికి రాదు.